పాత బుల్లెట్ మాగ్నెట్ కాయిల్: ఏది కొనాలె, ఎట్ల బిగించాలె

హన్మకొండ_బుల్లెట్:
బండి స్టాండర్డ్ 350. కాస్ట్ ఐరన్ ఇంజిన్, 12 వోల్టులు, పాయింట్ల ఇగ్నిషన్, గేరు కుడి దిక్కు, కిక్ మాత్రమే. లాంగ్ టూర్లకు వాడే బండి. చార్జింగ్ పడిపోయింది. (చార్జింగ్ కరెంటు పుట్టించేది క్రాంక్ మీద తిరిగే మాగ్నెట్, దాని చుట్టూ కదలకుండ ఉండే కాయిల్.) హెడ్‌లైట్ వేస్తే అమ్మీటర్ ముల్లు మైనస్ దిక్కే ఉంటది, ఎంత రేసు ఇచ్చినా సున్నా దాటదు. బ్యాటరీ కొత్తది. షాపుల చూపిస్తే విప్పకుండనే "మాగ్నెట్ సెట్ మొత్తం పోయింది" అన్నరు. మూడు ప్రశ్నలు. కాయిల్ ఒక్కటి మారిస్తే సరిపోతదా, మాగ్నెట్ కూడా మార్చాలెనా? వరంగల్‌ల దొరుకుతదా? ఇంటికాడ బిగించుకోవచ్చా?

కాజీపేట_జంక్షన్:
తమ్మీ, మీటర్ పెట్టకుండ ఎవరు ఏం చెప్పినా కొనకు. ముందుగాల ఈ కొలతలు తీసి ఇక్కడ పెట్టు.

ఒకటి, రాత్రంతా ఆగిన బండి బ్యాటరీ వోల్టేజి. 12.6 చుట్టూ ఉండాలె.

రెండు, ఇంజిన్ నడుస్తుంటే, లైటు ఆర్పి, బ్యాటరీ టెర్మినళ్ల మీద వోల్టేజి. కొద్దిగ రేసు ఇస్తే 13.8 నుంచి 14.5 నడుమ నిలబడాలె. 15 దాటితే రెక్టిఫైర్ (కాయిల్ ఏసీని డీసీగ మార్చి వోల్టేజిని అదుపుల పెట్టే డబ్బా) పోయినట్టు, 13 దాటకపోతే కాయిలో రెక్టిఫైరో వైరింగో తేల్చుకోవాలె.

మూడు, కాయిల్ నుంచి వచ్చే వైర్లు రెక్టిఫైర్ కాడ ఊడదీసి, ఏసీ మోడ్‌ల వోల్టేజి. ఇక్కడ అంకె కంటె దాని పెరుగుదల ముఖ్యం. ఇంజిన్ స్పీడు రెండింతలు అయితే వోల్టేజి కూడ దాదాపు రెండింతలు కావాలె. మధ్యల ఆగిపోతే వైండింగ్‌ల చుట్లు షార్ట్ అయినట్టు.

నాలుగు, ఓమ్స్. రెండు ప్రోబులు ఒకదానికొకటి ఆనించి వచ్చిన అంకెను మొదలు రాసుకో, దాన్ని తర్వాత వచ్చిన దాంట్లకెల్లి తీసెయ్. మంచి కాయిల్ ఒక్క ఓమ్ కూడ ఉండకపోవచ్చు, కనుక ప్రోబు వైర్లకుండే 0.3 ఓమ్ కూడ లెక్క తప్పిస్తది.

ఐదు, ఒక్కో వైరుకూ ఇంజిన్ బాడీకీ మధ్య కంటిన్యూటీ, అంటే కరెంటు పోయే దారి. అసలు ఉండకూడదు. ఇది చల్లగ ఉన్నప్పుడు ఒకసారి, 30 కిలోమీటర్లు తిప్పి ఇంజిన్ కాలుతుండంగ ఇంకోసారి. వేడి మీద తీసిన కొలతనే అసలు కొలత.

కరీంనగర్_కాస్ట్ఐరన్:
బుల్లెట్‌కు టాకో (ఇంజిన్ తిరుగుళ్లు చూపే మీటర్) లేదు, స్పీడు రెండింతలైందని ఎట్ల తెలుస్తదని అడుగుతరు కొత్తవాళ్లు. మల్టీమీటర్‌ల హెర్ట్జ్ మోడ్ ఉంటే కాయిల్ వైర్ల మీదనే పెట్టి చూడొచ్చు. మాగ్నెట్‌కు 6 పోల్స్ ఉంటే 100 హెర్ట్జ్ అంటే 2000 ఆర్‌పీఎం, 150 అంటే 3000. లేకుంటే ప్లగ్ వైరుకు చుట్టే చిన్న టాకో మీటర్లు దొరుకుతయి. దాంట్ల రెండు తిరుగుళ్లకు ఒక స్పార్క్ అని సెట్ చెయ్యాలె, ఎందుకంటే ఈ ఇంజిన్‌ల పాయింట్లు క్యామ్ స్పీడ్‌ల తిరుగుతయి. ఒక స్పార్క్‌కు ఒక తిరుగుడు అని పెడితే సగం అంకె చూపిస్తది.

ఇంకోటి, డూమ్ (హెడ్‌లైట్ పైన అమ్మీటర్ ఉండే గిన్నె) లోపల అమ్మీటర్ వెనక నట్లు వదులుగ ఉన్నయా చూడు. బండి కరెంటంతా ఆ రెండు నట్ల గుండనే పోతది. అక్కడ తుప్పు పడితే కాయిల్ మంచిదే అయినా బ్యాటరీ నిండదు.

ఆదిలాబాద్_ఘాట్:
కనెక్టర్లు కూడ. లైటు వేసి, బండి నడుస్తుండంగ, డీసీ మోడ్‌ల ఒక ప్రోబు రెక్టిఫైర్ ప్లస్ కాడ, ఇంకోటి బ్యాటరీ ప్లస్ కాడ పెట్టండి. తేడా 0.2 వోల్టులు దాటితే మధ్యల ఎక్కడో జాయింటు కాలుతున్నది. ఎర్త్ దిక్కు కూడ అట్లనే, రెక్టిఫైర్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కు. బ్యాటరీ పెట్టె కింద పెయింట్ మీదనే ఎర్త్ బిగించి పెడ్తరు చాలామంది. గీకి, బోల్టు కింద స్టార్ వాషర్ వెయ్యాలె.

హన్మకొండ_బుల్లెట్:
కొలతలు. బ్యాటరీ 12.4. రేసు మీద 12.7, లైటు వేస్తే 12.0. కాయిల్ ఏసీ 100 హెర్ట్జ్ కాడ 21, 150 కాడ 31. ఓమ్స్ 0.6, ప్రోబుల 0.3 తీసేసినంక. బాడీకి చల్లగ ఏమీ లేదు. వేడి మీద 40 ఓమ్స్ చూపిస్తున్నది. అమ్మీటర్ నట్లు గట్టిగనే ఉన్నయి. కాయిల్ నుంచి రెండే వైర్లు వస్తున్నయి.

కాజీపేట_జంక్షన్:
తేలింది. చల్లగ మంచిగ ఉండి వేడెక్కంగనే బాడీకి తగులుతున్నది. వైండింగ్ వార్నిష్ పగిలి, రాగి తీగ వ్యాకోచించినప్పుడు కోర్ ఇనుముకు ఆనుతది. లేదంటే వైరు బయటికొచ్చే చోట ఇన్సులేషన్ కొట్టుకపోయి కేస్‌కు తగులుతది. రెండోదయితే నీ అదృష్టం, కాయిల్ మార్చే పని లేకుండ స్లీవ్‌తోనే అయిపోతది. కాయిల్ ఉండేది ఎడమ దిక్కు చైన్ కేసులనే, దాని కవర్ విప్పంగనే ముందు వైరు చూడు, ప్రైమరీ చైన్ (ఇంజిన్ నుంచి క్లచ్‌కు పోయేది) దాన్ని కోసిందేమో.

మాగ్నెట్ సంగతి. వోల్టేజి 21, 31 దాకా వచ్చి స్పీడుతోపాటు సక్రమంగ పెరుగుతున్నది అంటే అయస్కాంతం చచ్చిపోలేదు. మాగ్నెట్ మార్చాలంటే రెండు కారణాలు ఉండాలె. బలం తగ్గుడు ఒకటి. నడిమి ఇనుప బుష్ బయటి అల్యూమినియం ముద్ద నుంచి వదులయ్యుడు రెండోది. ఈ రెండో రోగం ఉంటే ఐడ్లింగ్‌ల టకటక శబ్దం వస్తది, అచ్చం బిగ్ ఎండ్ (క్రాంక్ కాడి కనెక్టింగ్ రాడ్ బేరింగ్) పోయినట్టే. ఆ శబ్దానికి క్రాంక్ విప్పి పెట్టిన బండ్లు చాలానే ఉంటయి. ఇంజిన్ విప్పే ముందు మాగ్నెట్‌ను రెండు చేతులతోని పట్టుకొని బుష్ మీద మెలిపెట్టి చూస్తే తెలుస్తది.

మంచిర్యాల_వైండింగ్:
కొత్తది కొనేముందు పాతదాన్ని పారెయ్యొద్దు. కోర్ పట్టీలు వదులు కాకపోతే రివైండింగ్ చేయించుకోవచ్చు. కానీ మోటర్ వైండింగ్ షాపులన్నీ ఒకటి కావు. బోరు మోటర్లు చేసే షాపుకు ఇచ్చేటప్పుడు ఈ మాటలు చెప్పి ఇయ్యండి.

పాత తీగ విప్పేటప్పుడు ఒక్కో పోల్‌కు (తీగ చుట్టి ఉండే కోర్ పన్నుకు) చుట్లు లెక్కబెట్టాలె. తీగ మందం ఎనామిల్ తీసేసి మైక్రోమీటర్‌తోని కొలవాలె. పక్కపక్క పోల్స్ మీద చుట్టు దిశ తిరగబడుతది, ఒకటి ఎడమకు అయితే ఇంకోటి కుడికి. ఒక్క పోల్ తప్పు దిశల చుట్టినా అది పక్కదాన్ని కొట్టేస్తది, ఓమ్స్ సరిగ్గనే వస్తయి, వోల్టేజి మాత్రం పడిపోతది. అందుకే ఓమ్స్ చూసి డబ్బులు ఇయ్యొద్దు.

తీగ 180 డిగ్రీల క్లాసుది ఉండాలె. మామూలు ఫ్యాన్ తీగ వాడితే ఆరు నెలల్ల మళ్లా వస్తరు. వార్నిష్ ముంచి, ఓవెన్‌ల కాల్చాలె, ఎండల ఆరబెట్టుడు కాదు. ఈ కాయిల్ ప్రైమరీ ఆయిల్‌ల తడుస్తనే ఉంటది, కనుక ఆరని వార్నిష్ మెత్తబడి చైన్ కేసుల పడ్తది, క్లచ్ ప్లేట్ల మీద పేరుకుంటది. చివరికి 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజితోని ఇన్సులేషన్ చూసే మీటర్) తోని బాడీకి టెస్ట్ చేయించుకోండి. మామూలు మీటర్ 9 వోల్టుల బ్యాటరీతోని చూపేది నమ్మవద్దు.

పదహారు_పానా:
అక్కా, రివైండింగ్ మంచిదే గని టూర్ బండికి నేను కొత్త కాయిలే అంట. రివైండ్ చేసినదాంట్ల చుట్లు గట్టిగ కూర్చోవు. బుల్లెట్ వైబ్రేషన్‌కు తీగలు ఒకదానిమీద ఒకటి రాసుకొని ఎనామిల్ పోతది.

మంచిర్యాల_వైండింగ్:
చుట్లు కదులుతున్నయంటే వార్నిష్ సరిగ పట్టలేదన్నట్టే. చేతితో చుట్టినా వార్నిష్ లోపలిదాకా పోయి కాలితే రాయిలెక్క అయితది, గోరుతో గీకినా రాదు. టూర్ ముందు కొత్తది వేసుకొని, పాతది రివైండ్ చేయించి బ్యాగుల పెట్టుకొనుడు అన్నిటికంటె మేలు. కాయిల్ బరువు ఎంతని?

పదహారు_పానా:
దానికి ఒప్పుకుంట.

హన్మకొండ_బుల్లెట్:
కొత్తది ఎక్కడ తెచ్చుకోవాలె? ఆటోనగర్‌ల అడిగితే "బుల్లెట్‌ది" అని ఒకటి చూపెట్టిండ్రు, దానికి నాలుగు వైర్లు ఉన్నయి.

కరీంనగర్_కాస్ట్ఐరన్:
ఇక్కడనే అందరూ మోసపోయేది. "బుల్లెట్‌ది" అనే కాయిల్ ఒకటి లేదు. కాస్ట్ ఐరన్ బండ్లల్లనే రకాలున్నయి. రెండు వైర్లది అయితే మొత్తం కరెంటు రెక్టిఫైర్‌కు పోతది. నాలుగు వైర్లదాంట్ల సగం వైండింగ్ బ్యాటరీకి, సగం హెడ్‌లైట్‌కు నేరుగ ఏసీగ పోయే రకం ఉంటది. అది తెచ్చి నీ రెండు వైర్లకు కలిపితే సగం కాయిల్ ఊరికే ఉంటది, హెడ్‌లైట్ వేస్తే మళ్ల మైనస్సే. మూడు పసుపు వైర్లది త్రీ ఫేజ్, దానికి రెక్టిఫైర్ కూడ త్రీ ఫేజ్‌దే కావాలె.

పాత కాయిల్ విప్పి చేతుల పట్టుకొని షాపుకు పో. వర్నియర్ తీసుకపో. కొలువాల్సినవి: లోపలి రంధ్రం వ్యాసం, బయటి వ్యాసం, కోర్ పట్టీల మందం, మూడు స్టడ్ రంధ్రాల మధ్య దూరం, వైండింగ్ రెండు దిక్కుల ఎంత ఉబ్బి ఉన్నది. ఈ చివరిది ఎవరూ కొలువరు. ఉబ్బు 2 మిల్లీమీటర్లు ఎక్కువుంటే చైన్ కేస్ కవర్ లోపల రాసుకుంటది. మాగ్నెట్ బయటి వ్యాసం కూడ కొలువు. కాయిల్ లోపలి రంధ్రం వ్యాసానికీ దీనికీ తేడాను రెండుతో భాగిస్తే మాగ్నెట్‌కూ కాయిల్‌కూ నడుమ గ్యాప్ వస్తది, కనీసం 0.2 మిల్లీమీటర్లు ఉండాలె.

వరంగల్‌ల దొరకకపోతే హైదరాబాద్ పుత్లీబౌలి. ఫోన్‌ల కొలతలు, ఫొటోలు పంపితే ఆర్టీసీ కార్గోల వేస్తరు. అక్కడ గూడ లేకుంటే ఢిల్లీ కరోల్‌బాగ్, చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్. ఏ ఊరైనా మాట ఒక్కటే, కొలత పంపు, మోడల్ పేరు కాదు.

జనగామ_థండర్‌బర్డ్:
నాది యూసీఈ ఇంజిన్ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే ముద్దగ ఉండే రకం) థండర్‌బర్డ్. ఇదే పద్ధతి పనికొస్తదా?

కాజీపేట_జంక్షన్:
కొలిచే పద్ధతి అదే, విప్పే పద్ధతి వేరు. నీ ఇంజిన్‌కు వేరే చైన్ కేసు ఆయిల్ ఉండదు, ఇంజిన్ ఆయిల్ మొత్తం దించాలె. మాగ్నెట్ తీయాలంటే దాని సొంత పుల్లరే వాడు, మూడు కాళ్ల మామూలు పుల్లర్ పెడితే మాగ్నెట్ అంచు పగులుతది. దానికి వేరే థ్రెడ్ తెరువు, ఇక్కడ కలిపితే గందరగోళం.

పదహారు_పానా:
ఇగ కాస్ట్ ఐరన్ బండికి విప్పుడు, బిగించుడు. ఒక్క పూట పని.

బ్యాటరీ వైరు తీసెయ్. ఎడమ ఫుట్‌రెస్ట్, బ్రేక్ పెడల్ తీసి బ్రేక్ రాడ్ పక్కకు పెట్టు. కింద పెద్ద ట్రే పెట్టు, కవర్ కదలంగనే ఆయిల్ కారుతది. నడుమ ఉన్న ఒక్క పెద్ద నట్టు విప్పితే కవర్ మొత్తం వస్తది. అతుక్కపోతే రబ్బరు సుత్తితోని అంచుల మీద తట్టు, స్క్రూడ్రైవర్ సందుల దూర్చి లేపకు. అంచు గీత పడితే జన్మల ఆయిల్ ఆగదు.

ఫొటో తియ్. కాయిల్ ఏ ముఖం బయటికున్నది, వైరు ఏ దిక్కు నుంచి పోతున్నది, ఎక్కడ క్లిప్పున్నది, అన్నీ కనపడాలె. మూడు నట్లు తీసి కాయిల్‌ను నిటారుగ బయటికి గుంజు. అయస్కాంతం పట్టుకుంటది, పక్కకు వాలితే పోల్ అంచు గీసుకుంటది. స్టడ్‌ల మీద కాయిల్ వెనక స్పేసర్లుంటే అవి ఏ స్టడ్‌వి ఆ స్టడ్‌కే ఉంచు.

మాగ్నెట్ తీయాల్సి వస్తే ట్యాబ్ వాషర్ మడత విప్పి, నాలుగో గేరు వేసి వెనక బ్రేకు తొక్కిపట్టి నట్టు తియ్. పెడల్ తీసినవు కదా, బ్రేకును చక్రం కాడ రాడ్‌తోని ఇంకొకరు గుంజాలె. మాగ్నెట్ రాంగనే క్రాంక్ గాడిల ఉన్న అర్ధచంద్రం కీ పడిపోతది, ట్రేల వెతుక్కోవద్దంటే ముందే చెయ్యి అడ్డం పెట్టు. సుత్తితోని మాగ్నెట్‌ను కొట్టకు, దెబ్బకు బలం తగ్గుతది. తీసినంక పాలిథీన్ కవర్ల చుట్టి పెట్టు, లేకుంటే నేల మీది ఇనుప రజను మొత్తం అంటుకుంటది, ఆ రజనే కొత్త కాయిల్‌ను తింటది.

కవర్ విప్పినప్పుడే ప్రైమరీ చైన్ చూడు. చైన్‌ను తిప్పుకుంట అన్నిటికంటె బిగుసుగ ఉన్న చోట 6 మిల్లీమీటర్ల ఊగు ఉండాలె. ఎక్కువుంటే చైన్ ఎగిరి కాయిల్ వైరును కోస్తది.

కరీంనగర్_కాస్ట్ఐరన్:
గ్యాప్ సంగతి నేను రాస్త, పని మొత్తం అక్కడనే ఉన్నది.

కొత్త కాయిల్ పెట్టి మూడు నట్లు సగం బిగించి, మాగ్నెట్‌కూ కాయిల్ పోల్స్‌కూ మధ్యల 0.2 మిల్లీమీటర్ల పట్టీ దూర్చాలె. ఇనుప ఫీలర్ గేజ్ పనికిరాదు, అయస్కాంతానికి అతుక్కపోయి తప్పు లెక్క చెప్తది. ఇత్తడి షిమ్ వాడండి. అది లేకుంటే పాత ఎక్స్‌రే ఫిల్మ్‌ను సన్న పట్టీలుగ కత్తిరించుకోండి, దాని మందం దాదాపు అంతే ఉంటది. వర్నియర్‌తోని ఒకసారి చూసుకోండి. అన్ని పోల్స్ కాడ పట్టీ సులువుగ పోయి రావాలె.

పోల్స్ అన్నీ చూసినంక ప్లగ్ తీసేసి ఇంజిన్‌ను పావు తిరుగుడు తిప్పి మళ్ల చూడాలె. అట్ల నాలుగుసార్లు. గ్యాప్ ఎప్పుడూ ఒకే చోట తక్కువున్నదంటే కాయిల్ నడిమికి లేదు, స్టడ్ వంగి ఉన్నది. తక్కువున్న చోటు మాగ్నెట్‌తోపాటు తిరుగుతున్నదంటే మాగ్నెట్ వంకర లేదా క్రాంక్ చివర వంకర. మొదటిదాన్ని స్టడ్ సరిచేసి బాగుచేయొచ్చు. రెండోదానికి కాయిల్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు.

స్టడ్ సరిచేసేటప్పుడు కాయిల్ తీసేసి, స్టడ్ మీద రెండు నట్లు ఎక్కించి, వాటి మీద చెక్క పెట్టి మెల్లగ తట్టాలె. కొందరు కాయిల్ రంధ్రాలను ఫైల్ పెట్టి పెద్దగ చేస్తరు. అది వద్దు, వైబ్రేషన్‌కు కాయిల్ జరిగి మాగ్నెట్‌కు తగులుతది.

హన్మకొండ_బుల్లెట్:
విప్పిన. వైరు కోసుకపోలేదు. పాత కాయిల్ కింది రెండు పోల్స్ అంచులు మెరుస్తున్నయి, రాసుకున్న గుర్తులు. మాగ్నెట్ మీద చుట్టూరా సన్నటి గీత. బుష్ వదులు లేదు.

కరీంనగర్_కాస్ట్ఐరన్:
రోగం ఇదే. కాయిల్ కిందికి దిగి మాగ్నెట్‌కు ఆనింది. రాపిడికి వేడి పుట్టి, ఆ రెండు పోల్స్ మీది వార్నిష్ మాడింది. కింది స్టడ్ చూడు. స్టడ్ సరిచేయకుండ కొత్త కాయిల్ పెట్టినవా, దానికీ ఇదే గతి. మాగ్నెట్ మీది గీత సన్నగ ఉంటే, అంచు లేవకపోతే, నూనె రాయితోని రుద్ది వాడుకో.

మంచిర్యాల_వైండింగ్:
వైరు బిగించేటప్పుడు ఫైబర్ గ్లాస్ స్లీవ్ వేసుకోండి, మామూలు ప్లాస్టిక్ స్లీవ్ వేడి ఆయిల్‌కు రాయిలెక్క గట్టిపడి పగులుతది. కేస్ నుంచి వైరు బయటికొచ్చే రబ్బరు గ్రోమెట్ కొత్తది వెయ్యండి. వైరుకు అక్కడ కొద్దిగ వదులు ఉంచాలె గని, లోపల వేలాడి చైన్ దిక్కు పోకూడదు.

పదహారు_పానా:
కవర్ మూసే ముందు లోపలి దిక్కు గోడకు కాయిల్ ఎదురుగ కొద్దిగ గ్రీజు పూసి, మూసి, మళ్ల తీసి చూడు. గ్రీజు మీద వైండింగ్ అచ్చు పడితే తగులుతున్నట్టే. అచ్చు లేకపోతే తుడిచేసి మూసెయ్.

అంచు రబ్బరు కొత్తది. నడిమి నట్టును విరగదీసేంత బిగించకు. ఆయిల్ కారుతున్నదని ఇంకా బిగిస్తరు, కవర్ నడుమ లోపలికి వంగి అంచులు పైకి లేస్తయి, ఇంకా కారుతది. ఆయిల్ దాదాపు 420 మిల్లీలీటర్లు. బండి స్టాండ్ మీద నిటారుగ పెట్టి, లెవెల్ స్క్రూ తీసి, అక్కడికెల్లి కారేదాకా పోసి, ఆగినంక స్క్రూ బిగించు. ఎక్కువ పోస్తే క్లచ్ జారుతది.

ఆదిలాబాద్_ఘాట్:
రెక్టిఫైర్‌ను కూడ ఇప్పుడే చూసుకోండి. పాత బండ్లల్ల ఉండేది షంట్ రకం. బ్యాటరీ నిండినంక మిగిలిన కరెంటును అది కాయిల్‌కే షార్ట్ చేసి వేడిగ పారబోస్తది. అంటే కాయిల్ ఎప్పుడూ నిండు కరెంటు మోస్తనే ఉంటది. "అన్నీ ఎల్‌ఈడీ చేసిన, కాయిల్‌కు ఇగ బరువు లేదు" అనుకోవద్దు. షంట్ రెక్టిఫైర్‌తోని ఎల్‌ఈడీ వేస్తే బ్యాటరీకి లాభం, కాయిల్ వేడి మాత్రం తగ్గదు. సిరీస్ రకం రెక్టిఫైర్ అయితే అవసరం లేనప్పుడు లైన్ తెంపేస్తది, కాయిల్ చల్లగుంటది. త్రీ ఫేజ్ బండ్లు ఉన్నవాళ్లు షిండెన్‌గెన్ ఎస్‌హెచ్775 చూసుకోవచ్చు.

బిగించేటప్పుడు రెక్టిఫైర్ ఫిన్లకు గాలి తగలాలె. సీటు కింద బట్టలు, టూల్స్ కుక్కే చోట పెట్టొద్దు.

కాజీపేట_జంక్షన్:
అడవిల చార్జింగ్ పోతే ఏం చెయ్యాలెనో కూడ రాసి పెడ్త, ఏటూరునాగారం దిక్కు పోయేవాళ్లకు అక్కరకొస్తది. పాయింట్ల ఇగ్నిషన్ కాయిల్ సగటున 2 ఆంపియర్ల దాకా గుంజుతది. 35 వాట్ల హెడ్‌లైట్ ఇంకో 3. నిండు 5 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీతోని లైటు లేకుండ లెక్క ప్రకారం రెండున్నర గంటలు, నిజానికి గంటన్నరకే వోల్టేజి పడిపోయి మిస్సింగ్ మొదలైతది. పగలు పోవాలె, బ్రేక్ లైట్ బల్బు కనెక్టర్ తీసేస్తే ఇంకా నయం, కాని అప్పుడు వెనక వచ్చే బండ్లకు చెయ్యితోని సైగ చెయ్యాలె. ఆగినప్పుడు తాళం ఆపెయ్. పాయింట్లు మూసుకున్న చోట ఇంజిన్ ఆగి, తాళం ఆన్‌ల ఉంటే బ్యాటరీ ఖాళీ అయితది, ఇగ్నిషన్ కాయిల్ కూడ మాడుతది.

హన్మకొండ_బుల్లెట్:
కింది స్టడ్ వంగింది, సరిచేసిన. పాత కాయిల్ కొలతలతోని రెండు వైర్లది తెప్పించిన. ఎక్స్‌రే పట్టీ అన్ని పోల్స్ కాడ, నాలుగు తిరుగుళ్లకూ పోతున్నది. గ్రీజు మీద అచ్చు లేదు. వేడి మీద బాడీకి కంటిన్యూటీ లేదు. బ్యాటరీ మీద లైటు లేకుండ 14.2, హెడ్‌లైట్ వేసి 13.6. అమ్మీటర్ ముల్లు లైటుతోని గూడ 100 హెర్ట్జ్ దాటంగనే ప్లస్‌కు వస్తున్నది. గ్రోమెట్ కాడ కొద్దిగ ఆయిల్ చెమ్మ ఉన్నది.

మంచిర్యాల_వైండింగ్:
చెమ్మ గ్రోమెట్ బయటికెల్లి కాదు, స్లీవ్ లోపలికెల్లి పాకుతుంటది. కేస్ బయటి దిక్కు స్లీవ్ చివరను రెండు అంగుళాల కాడ కత్తిరించి, వైర్ల నడుమ ఆయిల్ తట్టుకునే సిలికాన్ నింపి ఒక రాత్రి ఆరనియ్యండి. కాయిల్ వైర్లు రెక్టిఫైర్ కాడ ఊడదీసి చెయ్యండి, లాగితే జాయింట్ వదులైతది.